నెలజీతం ఆగిన ఇల్లు: గల్ఫ్ నుంచి డెల్టాకు తిరిగొచ్చేవారి లెక్కలు

గోదావరి డెల్టాలో రాజోలు, మలికిపురం, పాలకొల్లు, నరసాపురం వైపు ఏ ఊరు చూసినా గల్ఫ్ నుంచి పూర్తిగా వచ్చేశామని చెప్పినవాళ్ళు ఉంటారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళలో చాలామంది మళ్ళీ వీసా కోసం ఏజెంటు గుమ్మం ఎక్కుతారు. ఎందుకని అడిగితే "ఇక్కడ కుదురుకోలేకపోయాం" అంటారు. ఉక్కపోత, దోమలు, ఒక్క సంతకానికి నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరగడం, పనివాళ్ళు చెప్పిన వేళకు రాకపోవడం, ఇవన్నీ నిజమే. అయితే ఇవి రెండు మూడు నెలల్లో ఒంటికి పట్టేస్తాయి. వీటికోసం ఎవరూ మళ్ళీ విమానం ఎక్కరు. ఎక్కించేది డబ్బు వచ్చే తీరు.

గల్ఫ్ మీద నడిచిన ఇల్లు నెలజీతం ఇల్లు. ఐదో తారీఖో పదో తారీఖో డబ్బు పడుతుంది. కిరాణా, పిల్లల ఫీజు, చీటీ పాట, అమ్మ మందులు, బంగారం లోను వడ్డీ అన్నీ ఆ తారీఖుకు అమరిపోయి ఉంటాయి. డెల్టాలో సంపాదన అలా రాదు. సార్వా అనే తొలకరి వరికొకసారి, దాళ్వా అనే రెండో వరికొకసారి, కొబ్బరి దింపుకొకసారి, చెరువు పట్టుబడికొకసారి వస్తుంది. అదీ ముందు మన చేతి డబ్బు నేలలోనో నీళ్ళలోనో పోశాకే. రాబడి పంటల లెక్కకు మారిపోయింది, ఖర్చు మాత్రం నెల లెక్కలోనే ఉండిపోయింది. ఈ రెంటి మధ్య ఖాళీని దాచుకున్న డబ్బు పూడుస్తూ పోతుంది. అది అడుగంటిన నెలలోనే మళ్ళీ వీసా మాట వస్తుంది. తిరిగొచ్చాక ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటి మూలం ఈ ఖాళీలోనే ఉంది.

అక్కడ తేల్చుకోవాల్సినవి

ముందుగా ఆఖరు లెక్క, అంటే సర్వీసు డబ్బులు. కువైట్‌లో కంపెనీ వీసా మీద, అంటే 18 నంబరు షూన్ వీసా మీద నెలజీతానికి చేసేవాళ్ళకు మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆపైన ఏడాదికో నెల జీతం వస్తుంది. మొత్తం ఏడాదిన్నర జీతం దాటదు. ఇంటి వీసా, అంటే 20 నంబరు ఖాదిం వీసా మీద ఉన్నవాళ్ళకు 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఏడాదికి ఒక నెల జీతం రావాలి. మన ఆడవాళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళే ఎక్కువ. టికెట్టు చేతిలో పెట్టి, ఓ సంచీ బట్టలిచ్చి పంపితే మర్యాదగా పంపారనుకుని వచ్చేస్తారు. దుబాయ్, అబుదాబీ వైపు ఐదేళ్ళ దాకా ఏడాదికి 21 రోజులు, తర్వాత 30 రోజులు. అక్కడ లెక్క బేసిక్ జీతం మీదే, అలవెన్సులు కలవవు. సౌదీలో మొదటి ఐదేళ్ళకు ఏడాదికి సగం నెల, ఆ తర్వాత నిండు నెల.

ఇందులో చాలామంది నష్టపోయే చోటు రాజీనామా తేదీ. కువైట్ కంపెనీ వీసా మీద ఉన్న మనిషి తనంతట తానే మానేస్తే మూడేళ్ళ లోపు ఏమీ రాదు. మూడు నుంచి ఐదేళ్ళకు సగం, ఐదు నుంచి పదేళ్ళకు మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండితేనే పూర్తి సొమ్ము. సౌదీలో రెండేళ్ళ లోపు ఏమీ లేదు, రెండు నుంచి ఐదుకు మూడోవంతు, ఐదు నుంచి పదికి మూడింట రెండు, పది నిండితే పూర్తి. నెలకు 150 దినార్లు వచ్చే మనిషి తొమ్మిదిన్నరేళ్ళ దగ్గర మానేయడానికీ, పదేళ్ళు నిండాక మానేయడానికీ కువైట్‌లో 400 దినార్లకు పైగా తేడా వస్తుంది. సంక్రాంతికి ఇంట్లో ఉండాలని ఆ ఆరు నెలలు ఆగకుండా వచ్చేసేవాళ్ళున్నారు. ఆ సంక్రాంతి ఖరీదెంతో వాళ్ళకు తర్వాత తెలుస్తుంది.

బాకీ ఉన్న జీతం "తర్వాత పంపిస్తాం" అంటే నమ్మి రాకండి. పని ఆగిన రోజు నుంచి కేసు వేసుకునే గడువు కువైట్, సౌదీ, ఖతార్‌లలో ఏడాదే. వచ్చేశాక వెయ్యాలంటే అక్కడున్న మనిషికి అధికారపత్రం రాసివ్వాలి, దానికి ధృవీకరణలు కావాలి, నెలలు గడిచిపోతాయి. ఎంబసీకి ఫిర్యాదు చేయాలంటే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్ ఉంది. ఒప్పందం కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, అక్కడి గుర్తింపు కార్డు (సివిల్ ఐడీ లేదా అకామా) రెండువైపులా తీసిన ఫొటో, వీసా ఇచ్చిన యజమాని (కఫీల్) ఫోను నంబరు మీ దగ్గర లేకపోతే ఆ ఫిర్యాదుకు బలం ఉండదు. వీటిని ఎగ్జిట్ పడేలోపే ఫోన్లో దాచి, ఇంట్లోవాళ్ళకూ పంపి ఉంచాలి. అనుభవం సర్టిఫికెట్టూ, పోలీసు క్లియరెన్సూ కూడా అక్కడుండగానే తీసుకోవాలి. ఊరికి వచ్చి తెప్పించుకోవడం నాలుగింతల పని.

అక్కడి బ్యాంకులో లోనో క్రెడిట్ కార్డు బాకీయో పెట్టి వచ్చేస్తే ఇక్కడిదాకా ఎవరొస్తారులే అనే ధీమా పాతకాలం మాట. 2020 జనవరి నుంచి యూఏఈ సివిల్ కోర్టు డిక్రీని మన జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టొచ్చు. కట్టేసి, బాకీ లేదని కాగితం తీసుకుని, ఖాతా మూయించి రావడమే మంచిది.

ఏ నెలలో రావాలి

ఎక్కువమంది పండక్కి వస్తారు. లెక్క చూస్తే అది అన్నిటికంటే చెడ్డ నెల. జనవరికి దాళ్వా నాట్లు పడుతుంటాయి, భూములన్నీ అప్పటికే ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి. దాళ్వా కోత ఏప్రిల్లో అయ్యాక, కాలువలు కట్టేసి మళ్ళీ జూన్‌లో వదిలేలోపు కౌళ్ళ మాటలు జరుగుతాయి. జనవరిలో దిగిన మనిషికి సార్వా ధాన్యం డబ్బు కళ్ళజూడటానికి డిసెంబరు దాకా పడుతుంది. అంటే పదకొండు నెలల ఖర్చు జేబులోంచే. పైగా పండగ, పెళ్ళిళ్ళు, తీర్థాలు, చుట్టాలు మొదటి రెండు నెలల్లోనే జేబు గుల్ల చేసి వెళతారు. మార్చి చివరలోనో ఏప్రిల్లోనో దిగితే కౌలు మాట్లాడుకోవడానికి, చేల గట్లు చూసుకోవడానికి, పొలానికి నీళ్ళొచ్చే బోదె ఎక్కడ పూడిందో కనుక్కోవడానికి సరిగ్గా సరిపోతుంది. పిల్లలతో వచ్చేవాళ్ళకు బడి మార్పిడి కూడా అప్పుడే సులువు.

కంపెనీ ఒప్పుకుంటే ఇంకా మంచి దారి, ముందు సెలవు మీద నాలుగైదు నెలలు వచ్చి చూడటం. కువైట్, యూఏఈల్లో కంపెనీ వీసా మామూలుగా ఆరు నెలలు బయట ఉంటే పోతుంది. ఇంటి వీసా గడువు అంతకంటే తక్కువ కావచ్చు, బయల్దేరే ముందు కనుక్కోవాలి.

ఎకరం ఎంత జీతం ఇస్తుంది

ఊరి మాటల్లో "రెండెకరాలుంది, ఇంకేం కావాలి" అనేస్తారు. కాగితం మీద వేసి చూద్దాం. కాలువ కింద సొంత ఎకరానికి సార్వాలో 30 బస్తాలు, దాళ్వాలో 40 బస్తాలు పండాయనుకుందాం. బస్తా 75 కిలోలు, మొత్తం 52.5 క్వింటాళ్ళు. 2025–26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. అన్నీ ఆ ధరకే అమ్ముడుపోయాయనుకున్నా ఏడాదికి సుమారు 1,24,000. దమ్ము, నాట్లు, ఎరువు, మందు, కోత మిషను, కూలీలు పోను సగం మిగిలితే మంచి ఏడాది. అంటే ఎకరానికి నెలకు ఐదు వేల చిల్లర. గల్ఫ్ నుంచి నెలకు 25,000 వచ్చిన ఇల్లు అదే తీరున నడవాలంటే ఐదెకరాల సొంత మాగాణి ఉండాలి. కౌలుకు చేస్తే పండినదాంట్లో బస్తాల లెక్కన భూస్వామికి వెళుతుంది కాబట్టి ఇంకా పెద్ద కమతం కావాలి. తుఫాను సార్వా కోతల మీద పడ్డ ఏడాదికి ఈ లెక్క కూడా నిలవదు. పెట్టుబడులు పెరగడం, ధర రాకపోవడం, మురుగు దిగకపోవడం వల్లే 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. అనుభవమున్న రైతులే చేతులెత్తేసిన పనిలో పన్నెండేళ్ళు క్రేను నడిపి వచ్చిన మనిషి మొదటి ఏడాదే లాభం చూస్తాననుకోవడం అత్యాశ.

కౌలు చేసేవాళ్ళు పంట సాగుదారు హక్కు పత్రం తీసుకోవాలి. 2019 చట్టం ప్రకారం అది 11 నెలల ఒప్పందం, భూమి మీద హక్కేమీ ఇవ్వదు. పంట రుణానికి, బీమాకు, రైతు సేవా కేంద్రంలో ధాన్యం అమ్మడానికి అక్కరకొస్తుంది. భూస్వాములు సంతకానికి జంకుతారు. బంధువుల భూమి అయితే మొహమాటపడి మనమే అడగం. నష్టం వచ్చిన ఏడాది పరిహారం భూస్వామి ఖాతాలో పడ్డాక ఆ మొహమాటం విలువ తెలుస్తుంది.

నెలజీతానికి కాస్త దగ్గరగా వచ్చేది కొబ్బరి. ఎకరానికి 65 చెట్ల దాకా పడతాయి, నెలన్నర నుంచి రెండు నెలలకోసారి దింపు, అంటే ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు ఎంతో కొంత చేతికొస్తుంది. ధర మాత్రం అంబాజీపేట మార్కెట్ చేతిలో ఉంటుంది, ఒక్క ఏడాదిలోనే రెట్టింపవుతుంది, సగమూ అవుతుంది. సర్పిలాకార తెల్లదోమ పడి ఆకు మీద మసి కమ్మితే కాపు పడిపోతుంది. దింపు మనిషి దొరకడం మరో బాధ. చెట్ల కింద కోకో, అరటి, కంద వేసుకుంటే ఖాళీ నెలలు కొంత నిండుతాయి. చిన్నదైనా ఈ తోట ఉన్న ఇల్లు చెరువు ఒక్కటే నమ్ముకున్న ఇంటికంటే నిదానంగా నిలబడుతుందని మా అంచనా.

చెరువు మీద ఆశ

గల్ఫ్ డబ్బు ఎక్కువగా కరిగేది రొయ్యల చెరువులోనే, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడ ఎక్కువగా పెంచే వనామీ రకం రొయ్యకు ఎకరా చెరువులో చదరపు మీటరుకు 30 చొప్పున వదిలితే 1,20,000 పిల్ల పడుతుంది. నూటికి డెబ్భై బతికి, కిలోకు 50 కౌంటుకు వస్తే దాదాపు 1,680 కిలోలు. కిలో రొయ్యకు 1.4 కిలోల మేత అనుకుంటే 2,350 కిలోల మేత. మొత్తం ఖర్చులో సగానికి పైగా ఈ మేతే తింటుంది. ఈ అంకెలకు ఈ వారం ధరలు వేసి చూస్తే కాగితం మీద లాభం కనబడుతుంది. దాన్ని చూసే లీజుకు దిగుతారు.

కాగితం మీద కనబడనివి మూడు. మొదటిది, నూటికి డెబ్భై బతుకు అన్నది. తెల్లమచ్చ జబ్బు వస్తే నాలుగైదు రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది, చిన్న సైజులో అయినకాడికి పట్టేయడమే. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పడితే రొయ్య చావదు, ఎదగదు. మేత తింటూనే ఉంటుంది, కౌంటు వంద దగ్గరే ఆగిపోతుంది, రైతుకు విషయం తెలిసేసరికి అరవై రోజుల మేత అయిపోతుంది. పిల్లను కొనేముందు పీసీఆర్ పరీక్ష చేయించాలనడం ఇందుకే. రెండోది రాత్రి కాపలా. నీళ్ళలో ప్రాణవాయువు తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య అడుగంటుతుంది, ముసురు పట్టిన రోజు మరీను. ఆ వేళ కరెంటు పోయి, జనరేటరు స్టార్టు కాకపోతే మూడు నెలల శ్రమ ఒక్క గంటలో తేలిపోతుంది. ఏరియేటర్లు అర టన్ను రొయ్యకు ఒక హార్స్‌పవర్ చొప్పున ఉండాలి, డీజిల్ నింపి ఉండాలి, మనిషి గట్టు మీద మెలకువగా ఉండాలి. మూడోది ధర. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ భీమవరం చెరువు గట్ల మీద తగిలింది. మేత షాపులో అరువు తీసుకున్నవాడికి ధర పెరిగేదాకా ఆగే వీలుండదు, షాపువాడు చెప్పిన కొనుగోలుదారుకే అమ్మాలి.

వరిచేను తవ్వి చెరువు చెయ్యాలంటే ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ లైసెన్సు కావాలి, పక్క చేలకు ఉప్పు ఊరుతుందని అభ్యంతరం వస్తే ఆగిపోతుంది. ఇంకోటి, చెరువు ఆదాయాన్ని పన్ను చట్టం వ్యవసాయ ఆదాయంగా చూడదు. వరికి, కొబ్బరికి ఉన్న మినహాయింపు దీనికి లేదు.

అయినా చెరువే చెయ్యాలనుకుంటే మొదటి రెండు పంటలు అనుభవమున్న రైతు దగ్గర నాలుగో వంతు వాటాకు చేరి, రాత్రి కాపలా మీరే కాయండి. రొయ్య మేత ఎంత తిన్నదో చూపే చెక్‌ట్రే ఎలా చదవాలో, రొయ్య రెట్ట రంగు చూసి జబ్బు ఎలా పోల్చుకోవాలో అక్కడే పట్టుబడుతుంది. దాచుకున్న డబ్బంతా ఒకే చెరువులో మొదటి పంటకే పెట్టడం జూదం.

భూమి ఎవరి పేరున ఉంది

విదేశాల్లో ఉండగా ఎన్నారై వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. విదేశీ మారక చట్టం కింద ఉన్న నిబంధన ఇది. ఇళ్ళ స్థలాలకు, ఇళ్ళకు ఈ అడ్డు లేదు. ఈ సంగతి తెలిసో, తాను ఇక్కడ లేక సంతకానికి వీలుపడకో చాలామంది పొలం నాన్న పేరునో అన్న పేరునో కొనిపించారు. పదిహేనేళ్ళ తర్వాత తిరిగొస్తే డబ్బు వీళ్ళది, దస్తావేజు వాళ్ళది.

చట్టం ఈ విషయంలో కఠినంగా ఉంది. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో సవరించాక, లెక్క చెప్పగల డబ్బుతో భార్య లేదా భర్త పేరున, పిల్లల పేరున కొంటే బినామీ కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రుల పేరున కొంటే దస్తావేజులో మీ పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. నాన్న ఒక్కడి పేరునే ఉంటే "డబ్బు నేను పంపాను" అని కోర్టుకెళ్ళి భూమి రాబట్టుకోవడానికి ఆ చట్టమే అడ్డం నిలుస్తుంది. నాన్న వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి వారసత్వ చట్టం వర్తిస్తుంది, అమ్మకు మూడోవంతు, మిగిలింది పిల్లలందరికీ సమానంగా. గల్ఫ్ నుంచి ఎవరు పంపారన్నది ఆ పంపకంలో ఎవరూ అడగరు.

అందుకని తిరిగొచ్చి స్థిరపడ్డాక మొదటి పని, తల్లిదండ్రులు ఉండగానే, తోబుట్టువులను కూర్చోబెట్టి రిజిస్టరు దస్తావేజుతో తేల్చుకోవడం. కుటుంబంలో రాసిచ్చే దఖలు దస్తావేజుకు స్టాంపు ఖర్చు అమ్మకంకంటే తక్కువ. అప్పుడు చూసుకోవాల్సినవి: రిజిస్ట్రేషను ఆఫీసు ఇచ్చే ఈసీలో ఆ భూమి మీద తాకట్టు ఉందా, రెవెన్యూ రికార్డులైన 1బీలో, అడంగల్‌లో ఎవరి పేరుంది, రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరుకు వచ్చిన కొత్త ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరులో విస్తీర్ణం తగ్గిందా. మీభూమి వెబ్‌సైటులో చూసుకోవచ్చు, కాని గట్టు మీద నిలబడి టేపు పట్టించి చూడటం వేరు. మీరు లేని పదేళ్ళలో పక్క చేను గట్టు ఓ మూర జరిగి ఉండొచ్చు.

బ్యాంకు ఖాతా, పన్ను

స్థిరంగా ఉండాలని వచ్చేసిన రోజు నుంచే విదేశీ మారక చట్టం దృష్టిలో మీరు ఇక్కడి మనిషి. విదేశాల్లో ఉన్నవాళ్ళకిచ్చే ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్చమని బ్యాంకుకు చెప్పాలి. డాలర్ల లాంటి విదేశీ డబ్బుగానే ఉంచుకోవాలనుకుంటే, తిరిగొచ్చినవాళ్ళ కోసం ఆర్‌ఎఫ్‌సీ అనే విదేశీ కరెన్సీ ఖాతా ఉంది. డిపాజిట్లను పాత వడ్డీకే గడువుదాకా ఉండనిస్తారు, వడ్డీ మీద పన్ను మినహాయింపు మాత్రం పోతుంది. ఏడాది నిండని ఎన్ఆర్ఈ డిపాజిట్టును తొందరపడి రద్దు చేస్తే వడ్డీ అసలు రాదు. బ్యాంకుకు చెప్పకుండా ఏళ్ళతరబడి ఎన్ఆర్ఈలోనే నడిపించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ చట్టం కింద జరిమానా సొమ్ముకు మూడు రెట్ల దాకా పోవచ్చని తెలిస్తే ఆ సాహసం చెయ్యరు.

పన్ను గురించి భయం అనవసరం, వివరం అవసరం. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటు. కాని గత ఏడేళ్ళలో ఇక్కడ ఉన్నది 729 రోజులు దాటకపోయినా, గత పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నాన్ రెసిడెంటుగా ఉన్నా "సాధారణ నివాసి కాని రెసిడెంటు" అవుతారు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవుకు వచ్చిన మనిషికి ఈ హోదా రెండు మూడేళ్ళు నిలుస్తుంది, అన్నాళ్ళూ బయటి జీతం, సర్వీసు డబ్బుల మీద ఇక్కడ పన్ను పడదు. ఇక్కడి వడ్డీ మీద పడుతుంది. పన్ను పడేంత ఆదాయం లేనివాళ్ళు ఆ మేరకు ప్రకటన ఫారం ఇవ్వకపోతే బ్యాంకు ముందే కోత పెడుతుంది.

చేబదుళ్ళు

వచ్చిన నెలలోనే అడిగేవాళ్ళు మొదలవుతారు. బావ ట్రాక్టరు కంతు, మావయ్య ఆపరేషను, చిన్నాన్న కూతురి పెళ్ళి. లేదనడానికి నోరు రాదు. గల్ఫ్ మనిషి దగ్గర ఎప్పుడూ ఉంటుందనే లెక్క ఊరిది. ఒక తెలివైన ఏర్పాటు, దిగేలోపే డబ్బులో నాలుగింట మూడొంతులను భార్యాభర్తల ఉమ్మడి డిపాజిట్లుగా, వేరువేరు గడువులకు వేసేయడం. నెలకో డిపాజిట్టు గడువు తీరేలా పన్నెండు ముక్కలు చేస్తే మొదటి ఏడాది ఇంటికి నెలజీతం ఆగనట్టే ఉంటుంది. అడిగినవాళ్ళకు "బ్యాంకులో కట్టేశాం" అనే మాట అబద్ధమూ కాదు.

ఇచ్చి తీరాల్సి వస్తే నోటు రాయించండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఆ ఆశకే అసలు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కువ. ప్రాంసరీ నోటుకు మూడేళ్ళే గడువు. లోపల కొంత కట్టించుకుని నోటు వెనుక వాళ్ళ చేత్తో చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు.

ఇంట్లో పెత్తనం

పదేళ్ళు భర్త లేకుండా ఇల్లు నడిపిన ఆడమనిషికి ఏ కొట్లో అరువు దొరుకుతుందో, కొడుకు ఏ మాస్టారికి భయపడతాడో తెలుసు. దిగిన వారానికే పాల లెక్క అడగడం, గ్యాసు బండ ఎన్నాళ్ళొస్తోందని ఆరా తీయడం మొదలుపెడితే గొడవే. మొదటి ఆరు నెలలు ఇంటి ఖర్చు ఆమె చేతిలోనే ఉండనిచ్చి, పొలం, కాగితాల పని తాను చూసుకోవడం నయం. పిల్లలు ఫోన్లో తెలిసిన నాన్నకు అలవాటుపడ్డారు. చాక్లెట్లు తెచ్చే నాన్న మార్కులు అడిగే నాన్నగా మారడానికి వాళ్ళకూ వ్యవధి కావాలి.

ఆడవాళ్ళు తిరిగొచ్చే ఇళ్ళలో చిక్కు ఇంకా ముదురు. డెల్టా నుంచి కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లకు ఇంటిపనికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, వాళ్ళు పంపిన డబ్బు పడేది భర్త ఖాతాలోనో తమ్ముడి ఖాతాలోనో. పిల్లలు అమ్మమ్మనే అమ్మా అని పిలుస్తుంటారు. వచ్చాక డబ్బు ఏమైందని అడిగితే ఇల్లు చూపిస్తారు, ఆ ఇల్లు తన పేరున లేదు. దీనికి మందు వచ్చాక వెయ్యలేం. అక్కడుండగానే తన పేరున ఖాతా తెరిచి, ఇంటి ఖర్చుకు సరిపడా మాత్రమే భర్తకు పంపి, మిగతాది తన ఖాతాలోనే ఉంచాలి. ఇంటి స్థలం దస్తావేజులో పేరు పడాలి. వచ్చాక ముందు చేరాల్సింది డ్వాక్రా సంఘంలో. వెళ్ళినప్పుడు పేరు తీసేసి ఉంటారు, మళ్ళీ చేరితేనే బ్యాంకు లింకేజీ రుణం తలుపు తెరుచుకుంటుంది. నూటికి మూడు వడ్డీకి బంగారం తాకట్టు పెట్టే అవసరం అక్కడే తగ్గుతుంది.

కాగితాలు, ఆరోగ్యం గురించి క్లుప్తంగా. ఆధార్‌కు ఇప్పుడు వాడే ఫోను నంబరు కలపాలి, ఓటీపీ రాకపోతే ఏ పనీ కదలదు. రైస్ కార్డులో పేరు ఉందో తీసేశారో సచివాలయంలో చూసుకోవాలి. రెండేళ్ళు లావాదేవీ లేని పాత ఖాతాకు కేవైసీ ఇచ్చి తెరిపించుకోవాలి. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు గడువు దాటి ఏడాది అయిపోతే మళ్ళీ పరీక్ష పాసవ్వాలి, అక్కడ ఇరవై ఏళ్ళు ట్రైలరు నడిపినా సరే. ఆరోగ్య బీమా మాత్రం రావడానికి రెండు మూడేళ్ళ ముందే మొదలుపెట్టాలి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు లాంటి జబ్బులకు మూడేళ్ళ దాకా కంపెనీ ఆగమనొచ్చు. ఆ గడువు అక్కడ సంపాదన ఉన్నప్పుడే గడిచిపోతే మేలు.

మళ్ళీ వెళ్ళాల్సి వస్తే

ఇన్ని లెక్కలు వేసుకున్నా కొందరికి ఇంకో రెండేళ్ళు వెళ్ళడమే సరైన పని అవుతుంది. కూతురి నర్సింగు ఫీజు ఇంకా రెండేళ్ళుంటే, పొలం కాగితం తేలకపోతే, కొబ్బరి మొక్కలు ఇంకా కాపుకు రాకపోతే వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. "ఏరా, మళ్ళీ ఎప్పుడెళ్తున్నావ్" అని రచ్చబండ మీద అడిగేవాళ్ళకు జవాబు చెప్పలేక వెళ్ళడమే తప్పు. ఎన్ని నెలలకు, ఎంత మొత్తానికి, ఏ పని పూర్తవడానికి వెళుతున్నారో ఇంట్లో అందరి ముందూ కాగితం మీద రాసుకుంటే మొదటిసారి రెండేళ్ళనుకుని పన్నెండేళ్ళయినట్టు ఈసారి కాదు.

వెళ్ళేది కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్ళాలి. అతను తీసుకోగల రుసుం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి అడిగితే రసీదు అడగండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనేవాడి దగ్గర ఆ అడగడం కూడా వద్దు. పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర, అంటే పనికి వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర ఉండి, పది పాసైనా, విదేశంలో మూడేళ్ళకు పైగా పనిచేసి ఉన్నా దాన్ని తీయించుకునే వీలుంది. అయితే ఈసీఆర్ మీద వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, మూడేళ్ళకు 375 రూపాయలతో ప్రమాద మరణానికి 10 లక్షలు ఇస్తుంది. ముద్ర తీయించుకున్నవాళ్ళకు ఆ బీమా దానంతటదే రాదు, వేరేగా చేయించుకోవాలి. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి పంపడానికి అనుమతి లేదు. వయసు ఎక్కువ వేయించి పంపిస్తామనే ఏజెంట్లు ఇంకా ఉన్నారు. అలా వెళ్ళిన మనిషి అక్కడ కష్టంలో పడితే, తన పాస్‌పోర్టులోని తేదీయే తప్పని ఎంబసీ ముందు మొదట ఒప్పుకోవాల్సి వస్తుంది.